దారిలో విరిగిన కాలు

"గడప దాటింది మొదలు మళ్లీ గడప తొక్కేదాకా కార్మికుడు ప్రభుత్వం ఒళ్లో ఉన్నట్టే" అని కొత్త పరిహార చట్టం తెస్తూ మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఒళ్లోంచి జారిపడితే సంగతేంటని ఆ పూట ఎవరూ అడగలేదు.

మరుసటి వారమే అద్దాల ఫ్యాక్టరీ ప్యాకర్ ఒకడు తెల్లారకముందే పనికి వెళ్తూ బస్సు మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి రాడ్ వేయకపోతే కాలు వంకరగా అతుక్కుంటుందన్నాడు డాక్టర్. చేతిలో చిల్లిగవ్వ లేదు. పరిహారమే దిక్కు. బావమరిది భుజం పట్టుకుని కుంటుతూ పరిహారాల ఆఫీసుకు వెళ్లాడు.

ఆఫీసరుగారు ధర్మాత్ములు. కుర్చీ వేయించారు. కట్టు వంక జాలిగా చూశారు.

"పనికే వెళ్తున్నావని రుజువేంటయ్యా?"

"రోజూ వెళ్లేదే కదండీ."

"ఆ రోజు చేరావా?"

"కాలు విరిగిందండీ."

"అంటే చేరలేదు. చేరనివాడు ఎక్కడికి బయల్దేరాడో చట్టానికేం తెలుస్తుంది? సినిమాకేమో."

"తెల్లారకుండా సినిమా ఎవడు వేస్తాడండీ?" అన్నాడు బావమరిది.

ఆఫీసరుగారు కోప్పడలేదు. పైగా గొంతు తగ్గించి ఉపాయం చెప్పారు. "ఆ ప్రయాణమేదో పూర్తి చేసెయ్. గేటు దగ్గర వేలిముద్ర వేసి రా. ఆలస్యానికి చట్టంలో గడువు లేదు."

బావమరిది తోపుడుబండి తెచ్చాడు. గతుకు గతుక్కీ ప్యాకర్‌కు ప్రాణం పోయి వచ్చింది.

"కాసేపు కళ్లు మూసుకో బావా."

"మూసుకుంటే పరిహారం మీ అక్కకిచ్చేస్తార్రా."

"అదైనా త్వరగా ఇస్తారంటావా?"

గేటు దగ్గర వేలిముద్ర మిషన్ పచ్చగా వెలిగి, హాజరు చీటీ ఇచ్చింది. బండి మళ్లీ ఆఫీసుకు తిరిగింది.

హాజరు చీటీ చూసి ఆఫీసరుగారు ఎంతో సంతోషించారు. శ్రద్ధగా ఉత్తర్వు రాసి, తామే చదివి వినిపించారు. "దరఖాస్తుదారు పనికి చేరినట్టు రుజువైంది. కనుక గాయం అతని ప్రయాణానికి అడ్డు రాలేదు. పరిహారం అవసరం లేదు."

"మీరే కదండీ వెళ్లమన్నది?"

"వెళ్లగలవనుకోలేదయ్యా. నిన్ను మెచ్చుకోవాలి."

మెచ్చుకున్నారు కూడా. రెండ్రోజులకు మంత్రిగారే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి, అతన్ని రప్పించి, కాలు విరిగినా డ్యూటీ మానని ఆదర్శ కార్మికుడంటూ బండి మీదున్న ప్యాకర్ మెడలో పతకం వేశారు. ఏం కావాలో కోరుకోమన్నారు.

"కాలండీ" అన్నాడు ప్యాకర్.

మంత్రిగారు పగలబడి నవ్వారు. ఇంత కష్టంలోనూ హాస్యం వదలని కార్మికలోకాన్ని విలేకరుల ముందు కొనియాడి, కారెక్కారు.

జనం పలచబడ్డాక వాచ్‌మన్ బండి దగ్గరికి వచ్చాడు.

"మేనేజరుగారు నిన్ను రేపు పొద్దుటి షిఫ్టులో వేశారన్నా. బండి మాత్రం బయటే పెట్టుకోమన్నారు."