వెంకటప్పయ్య గారి మెరక

పురాతన సమాధుల్ని కాపాడాలంటే ఒక్కటే దారి. పొక్లెయిన్! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నా.

ఇబ్రహీంపట్నం అవతలి దిబ్బలో, చుట్టూ బండరాళ్లు పేర్పించుకుని మూడు వేల ఏళ్లుగా పడుకున్న పెద్దమనుషుల్ని ఎవరు పట్టించుకున్నారండీ? రక్షిత స్థలమని పాతిన బోర్డు మీద ట్యూషన్ పోస్టర్లు, దాని కింద మందు సీసాలు! సర్కారు చేయలేని మేలు చివరికి కంకిపాడు వెంకటప్పయ్య గారు చేశారు.

ఆయన కొత్తగా డూప్లెక్స్ మొదలుపెట్టారు. స్థలం పల్లం, మెరక తోలించాలి. దిబ్బలోని ఎర్ర గ్రావెల్ చూడగానే మనసు పడ్డారు.

కాలేజీలో చరిత్ర చెప్పే అనఘ లారీకి అడ్డంగా నిలబడింది. "అవి సమాధులండీ. లోపల మనుషులున్నారు."

"రాళ్లమ్మా అవి! రాళ్లతో చుట్టరికం ఏంటమ్మా నీకు? పక్కకి జరుగు!"

పాపం, ఆయనకు చరిత్ర మీద నమ్మకం లేదు. వాస్తు మీద మాత్రం బోలెడంత. సిద్ధాంతి గారు గేటు జానెడు జరపమన్నారని గోడంతా పడగొట్టించిన భక్తుడాయన!

లారీలు తిరిగాయి. దిబ్బ పోయింది, పల్లం నిండింది, ఇల్లు లేచింది.

గృహప్రవేశానికి ముందు తులసికోట కోసం గుంట తీస్తుంటే నల్ల కుండపెంకు తగిలింది. లంకెబిందెలేమోనని కూలీలను పక్కకు నెట్టి ఆయనే చెయ్యి పెట్టారు. ఎముక వచ్చింది!

సిద్ధాంతి గారు చూసి చెంపలేసుకున్నారు. "శల్యదోషమండీ! వంశానికే మంచిది కాదు. మెరకంతా తవ్వి తీయాల్సిందే."

"మెరకంతానా? పైన రెండంతస్తులున్నాయి కదండీ!"

వెంకటప్పయ్య గారు వెంటనే అనఘకు ఫోన్ కొట్టారు. "అమ్మా, నువ్వన్నట్టు మనుషులేనమ్మా! నీకు పుణ్యముంటుంది, వాళ్లని మళ్లీ వాళ్ల చోట పడుకోబెట్టమ్మా."

"ఆ చోటేదండీ? అక్కడ ఇప్పుడు గొయ్యి ఉంది," అంది అనఘ.

కాబట్టి అధికారులకు నా మనవి. సమాధులిప్పుడు కాంక్రీటు కింద, సీసీ కెమెరాల నిఘాలో భద్రంగా ఉన్నాయి. ఆ బోర్డు పీక్కొచ్చి వెంకటప్పయ్య గారి గేటుకు కొట్టండి. గునపం వేయరాదు, మట్టి తీయరాదు, రాయి కదపరాదు! దిబ్బ దగ్గర మీకెవరికీ గుర్తురాని ఆ చట్టాన్ని ఇక్కడైనా అమలు చేయండి.

ఇంటాయన్ని మాత్రం ఖాళీ చేయించకండి. కింద పడుకున్నవాళ్లతో చుట్టరికం కలుపుకున్నది ఆయనే కదా!