మాస్టారి మైదా జిగురు

ఆ ఆదివారం పొద్దున డ్రాయింగు మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. తాను బొమ్మలు వేసిన పోస్టర్లు వీధిలో అంటించి, ఇంటికొచ్చి కాఫీ తాగడం. సాయంత్రం గ్రంథాలయంలో కోడలు సీలియాక్ జబ్బు గురించి మాట్లాడబోతోంది. నలుగురి ముందు నోరు విప్పడం ఆమెకిదే మొదలు. వారం రోజులుగా అద్దం ముందు సాధన చేస్తోంది.

ఆమె కొత్తగా కాపురానికొచ్చి, తిన్నదల్లా కడుపులో మెలిపెడుతోందని ఏడ్చినప్పుడు, "గోధుమలు పడకపోవడమేమిటి, సుకుమారం కాకపోతే" అని నవ్విన పెద్దమనిషి ఈయనే. పిల్ల చిక్కి సగమయ్యాక పరీక్షలు చేసి డాక్టరు తేల్చి చెప్పింది. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్తే ఈమె ఒళ్లే ఈమె పేగుల మీద తిరగబడుతుందట. మందు లేదు, జన్మంతా అది తగలకుండా చూసుకోవడమే. అప్పటికీ పూర్తిగా నమ్మని మాస్టారిని, ఆమె తన గిన్నె తానే కడుక్కుని వండుకోవడం కొన్నాళ్లు చూశాక పశ్చాత్తాపం పట్టుకుంది. కోడలికి విడిగా ఒక గిన్నె, ఒక కర్ర గరిట కొని పై అరలో పెట్టి, వాటి మీద ఈగ వాలనివ్వకుండా కాపలా కాస్తున్నారు.

తీరా బయలుదేరేసరికి గమ్ము సీసా ఎండి రాయైపోయి ఉంది. షాపులు ఇంకా తెరవలేదు. బడిలో నేర్చిన విద్య గుర్తొచ్చింది: మైదాపిండిలో నీళ్లు పోసి ఉడికిస్తే పోస్టరు గోడను పట్టుకుని మళ్లీ వదలదు. మిగతా గిన్నెలన్నీ రాత్రి అంట్లతో సింకులో ఉన్నాయి. చెయ్యి పై అరకు వెళ్లింది, బుద్ధి మాత్రం పోస్టర్ల మీదే ఉండిపోయింది. కర్ర గరిటతో శ్రద్ధగా కలియబెట్టి, జిగురు డబ్బాలో పోసుకుని, గిన్నె, గరిట అంట్ల పీచుతోనే తళతళలాడేలా తోమి, ఎక్కడివక్కడ పెట్టేశారు.

కోడలు ఆ గిన్నెలోనే బియ్యప్పిండి జావ కాచుకుంది. మధ్యాహ్నానికల్లా వాంతులతో, కడుపు పట్టుకుని మంచాన పడింది.

కొడుకు కొత్తగా కొన్న బియ్యప్పిండి పొట్లాన్ని అనుమానించాడు. అంతే, మాస్టారు దాన్ని పట్టుకుని కొట్టువాడి మీదికి వెళ్లారు. గోధుమలు ఆడించిన మరలోనే బియ్యమూ ఆడించావని నిండు బేరంలో నిలదీశారు. అతను లేదని మొత్తుకున్నా వినలేదు. పోస్టరు చదివి అప్పటికే బెదిరిన జనం కొన్న సరుకులు వెనక్కిచ్చేశారు. అక్కడి నుంచి మాస్టారి అనుమానం కింది వాటా పిన్నిగారి మీదికి మళ్లింది. పాపం, ఆవిడ చేసిన నేరమల్లా పొద్దున కోడలికి నిమ్మరసం ఇవ్వడమే. ఆ గ్లాసులో ఇంతకుముందు ఏం తాగారని ఆరా తీస్తే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని తలుపు వేసుకుంది. సాయంత్రానికి వీధంతా ఒకరినొకరు అనుమానించుకుంటోంది.

ఈ గొడవ పుణ్యమా అని గ్రంథాలయం కిటకిటలాడింది. మాట్లాడవలసిన మనిషేమో తల ఎత్తలేకపోతోంది.

"మీరు వెళ్లి మాట్లాడండి మామయ్యా. మన ఇంట్లో నాకు ఏ భయమూ లేదని తప్పకుండా చెప్పండి. ఆ గిన్నె ఒక్కటి కళ్లు మూసుకుని వాడుకుంటానని చెప్పండి."

మాస్టారు వెళ్లారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ఇది అలర్జీ కాదన్నారు, సుకుమారం అసలే కాదన్నారు. ముందు వరుసలో కూర్చున్న కొట్టువాడు, తినకుండా లోపలికెలా వెళ్తుందని అడిగాడు. "తిననక్కర్లేదయ్యా. గోధుమపిండో, మైదాపిండో ఉడికిన గిన్నెలో వండినా చాలు. కర్ర గరిటైతే ఎంత కడిగినా..." అంటూ మాస్టారు ఆగిపోయారు. తన గోళ్ల సందుల్లో ఎండిన మైదా జిగురు కనబడింది. ఇంకొక్క మాట పెగల్లేదు. కోడలి మీది ప్రేమతో గొంతు పూడుకుపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఆయన అక్కడే కొట్టువాడి చేతులు పట్టుకుని క్షమాపణ అడిగారు. అతనికి సగమే అర్థమైంది. పిన్నిగారి తలుపు తట్టి ఆవిడనూ క్షమించమని అడిగారు. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని, కోడలికి ఉన్నదున్నట్టు చెప్పారు.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఆయనకనిపించింది. మెల్లగా అంది.

"మీరు నమ్మని రోజుల్లో నా జాగ్రత్తలో నేనుండేదాన్ని మామయ్యా."

మాస్టారు దీపం తగ్గించి బయటికొచ్చి, ఆ రాత్రి అన్నం తినకుండానే పడుకున్నారు.

మర్నాడు గ్రంథాలయం నుంచి కబురొచ్చింది: వచ్చే నెల కూడా మాస్టారే మాట్లాడాలట, నిన్న ఎంతో అనుభవమున్న మనిషిలా చెప్పారట.