పక్కింటి జాడీలో సూర్యుడు

ఆ శనివారం పొద్దున రామచంద్ర పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీ తినాలి, రెండో కాఫీ తాగాలి, పెరట్లో కుర్చీ వేసుకుని మర్నాటి ఉగాది సభలో చదవవలసిన ఉపన్యాసం రాసుకోవాలి. కంగారూల దేశంలో, వాళ్ళుండే గిరావీన్‌లో వారం రోజులుగా పట్టిన ముసురు ఆ పొద్దునే విడిచింది. ఎండ కూడా కొత్త పెళ్ళికొడుకులా కాస్త బిగువుగా వచ్చింది.

ఉపన్యాసానికి పేరు ముందే కుదిరింది: 'జాడీలో సూర్యుడు'. ఆ రోజుల్లో పేపరు తీసినా, టీవీ పెట్టినా అదే గోల. అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక గాజు జాడీలో 'బరువు నీళ్ళు' అనే ప్రత్యేకమైన నీళ్ళు పోసి, లోహపు కడ్డీలు దించి, కరెంటు పెట్టారట. సూర్యుడి కడుపులో రగిలే మంట బల్లమీద జాడీలోనే పుట్టిందట. ఇక మీదట ఇంటింటికీ ఒక జాడీ చాలునట. నిజానిజాలు పైవాడికి తెలియాలి కానీ, మన తెలుగువాళ్ళలో మాత్రం బాణలి మూకుడు తేడా తెలియనివాళ్ళు కూడా దాన్ని గురించి చర్చిస్తున్నారు.

రామచంద్ర పని చేసేది వెస్ట్‌మీడ్ దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో. అయితేనేం, తెలుగువాళ్ళకు అతడే సైంటిస్టు. తోకచుక్క వచ్చినప్పుడు అందరినీ పార్కులో నిలబెట్టి ఆకాశం చూపించింది అతడే. మబ్బు పట్టి చుక్క కనిపించకపోయినా జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళారు. మైక్రోవేవ్ కొనాలన్నా ఆడవాళ్ళు ముందు అతడినే అడిగేవారు. మనిషి ఆ గౌరవం తిని బతుకుతున్నాడంటే అబద్ధం కాదు. అలాంటివాడి పక్కింట్లోకి కిందటి ఏడు వాసుదేవరావు దిగాడు. రైల్వేలో ఎలక్ట్రికల్ ఇంజనీరు, వయసులో చిన్న, మాటలో మెత్తన. వచ్చీ రాగానే దీపావళి సభలో, రామచంద్ర ఓజోను పొర గురించి చెబుతుండగా లేచి, "చిన్న కరెక్షనండీ" అన్నాడు. ఆ మాట ఆనాటి నుంచి రామచంద్రకు పంటి కింద రాయిలా కలుక్కుమంటూనే ఉంది.

రెండో కాఫీ చేతికి రాకముందే భార్య జ్ఞానప్రసూన పక్కింటికి గిన్నె ఇచ్చి తిరిగి వచ్చింది.

"ఏవండీ, పక్కింటివాళ్ళు పెరట్లో ఎండలో పేద్ద జాడీ పెట్టారు. ఏంటా అని దగ్గరికెళ్ళానో లేదో, వాసుదేవరావుగారి అమ్మగారు 'అక్కడే ఆగు తల్లీ, ముట్టుకోకు!' అని ఒకటే కేక! అందులో ఏముందండీ పిన్నిగారూ అంటే, ఇప్పుడు చెప్పకూడదన్నారు."

రామచంద్ర చేతిలో పెన్ను ఆగిపోయింది. "జాడీయా?"

"ఊరగాయేమోలెండి. ఆవిడకి మడీ, ఆచారం జాస్తి."

"నీ మొహం. ఏప్రిల్లో ఈ దేశంలో మామిడికాయ ఎక్కడిదే? ఇక్కడ కాయ కాసేది క్రిస్మస్‌కి. జాడీ పెట్టేదే ఆవకాయకి. మామిడికాయే లేనప్పుడు ఇక ఆ జాడీ దేనికి?"

 పొయ్యిమీద ఇడ్లీలు అడుగంటుతున్నాయని జ్ఞానప్రసూన వంటింట్లోకి పరిగెత్తింది.

రామచంద్ర బకెట్ బోర్లించి, ఎక్కి, చెక్క కంచె మీదుగా తొంగిచూశాడు. అవును, జాడీయే. మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టి ఉంది. ఆ గుడ్డను దారంతో కాదు, రాగితీగతో బిగించారు! రైల్వే ఇంజనీరు ఇంట్లో దారం కంటే తీగ ముందు దొరుకుతుందన్న సంగతి ఆ క్షణాన అతడికి తోచలేదు. వాసుదేవరావు జాడీ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు, వాళ్ళమ్మ సీతాదేవి తడిచీరతో దూరంగా నిలబడి పురమాయిస్తోంది.

"అమ్మా, జాడీ బాగా వేడెక్కిందే!"

"ఎక్కనీరా, మనకి కావలసిందదే. నీళ్ళచుక్క మాత్రం పడనివ్వకు. ఒక్క చుక్క పడిందా, మొత్తం పోయినట్టే!"

రామచంద్ర బకెట్ మీద మునివేళ్ళపై లేచాడు. బరువు నీళ్ళలో మామూలు నీళ్ళు కలవకూడదని తను నిన్ననే చదివాడు! ముసలావిడకు కూడా తెలుసన్నమాట. ఇల్లంతా కలిసి చేస్తున్నారన్నమాట.

కూతురు రుచిత వంటింటి తలుపులోంచి చూసి, "డాడ్! గెట్ డౌన్! యూ ఆర్ సో ఎంబరాసింగ్!" అని అరిచింది. అతడు దిగాడు కానీ, కడుపులో మంట దిగలేదు. తను మాటలు కూర్చుకుంటుంటే, వాడు జాడీ కూర్చాడు. రేపు ఈ సంగతి బయటపడితే ఇక రామచంద్ర ఎవరు? రక్తం పరీక్షలు చేసుకునే రామచంద్ర.

కంచె దగ్గర అడిగితే తొంగిచూసినట్టు తెలిసిపోతుందని, లోపలికి వెళ్ళి ఫోన్ చేశాడు.

"ఏంటి వాసుదేవరావుగారూ, వీకెండు విశేషాలు? పెరట్లో ఏదో ప్రయోగం జరుగుతోందట?"

అవతల వాసుదేవరావు నవ్వాడు. "అయ్యో, మీదాకా వచ్చేసిందా! ప్రయోగమే అనుకోండి. ఇక్కడి సరుకుతో కుదురుతుందో లేదో అని. అమ్మ ఎవరికీ చెప్పొద్దందండీ. పోయినసారి నలుగురి కళ్ళూ పడి పాడైపోయింది."

"పోయినసారా? అంటే ఇదివరకే ఒకటి చేశారా!"

"చేశాం. ఈసారి బ్రహ్మాండంగా వచ్చింది. రేపు సభలో అందరి ముందూ మూత తీద్దామని."

"రేపు నా ఉపన్యాసం ఉంది కదండీ!"

"అది అయ్యాకేనండీ. మీరు నోటితో చెప్పండి, మేం చేసింది తెస్తాం. జనానికి రెండూ ఉంటాయి."

ఇంతకంటే మెత్తగా ఎవరూ ఎవరినీ కత్తితో పొడవలేదు. రామచంద్ర ఫోన్ పెట్టి, మళ్ళీ ఎత్తి, తెలుగు సంఘం ప్రెసిడెంటు సుబ్బరాజుకు కొట్టాడు. తన మనసులో ఉన్నది అసూయ అని చెప్పుకోలేడు కనుక భద్రత అన్నాడు.

"రాజుగారూ, రేపు వాసుదేవరావు తెచ్చే జాడీని హాల్లోకి రానివ్వకండి. అందులోంచి న్యూట్రాన్లు వస్తాయి."

"ఎంతమంది?" అన్నాడు సుబ్బరాజు.

"ఏంటి ఎంతమంది?"

"వచ్చేవాళ్ళు. భోజనాలకి ముందే చెప్పాలి కదా, పులిహోర సరిపోవద్దూ?"

"మనుషులు కాదండీ! రేడియేషన్! ఎక్స్‌రేలాంటిది, ఇంకా చెడ్డది!"

సుబ్బరాజు మంచివాడు, కానీ గుండె ధైర్యం తక్కువ. పిలిచినవాణ్ణి రావద్దని చెప్పే ధైర్యం అసలే లేదు. అందుకని వాసుదేవరావుకు తప్ప అందరికీ ఫోన్ చేశాడు. పంటి డాక్టరు దగ్గర నర్సుగా పనిచేసే అమృతానికి మొదట చేశాడు. ఆవిడది బాపట్ల, క్రైస్తవులు. ఉగాదికి ఆవిడ బొబ్బట్లు లేకుండా సభ జరగదు.

"అన్నయ్యగారూ, నాకు తెలిసింది ఒకటే," అంది అమృతం. "ఎక్స్‌రే తీసేప్పుడు మేం గోడ వెనక్కి పోతాం. కిరణాలు తగలకుండా తొడుక్కునే సీసపు ఏప్రాన్, మా క్లినిక్కులో పారేసింది ఒకటి ఇంట్లో ఉంది. కావాలంటే తెస్తాను."

"తేమ్మా. ప్రెసిడెంటుకి ఏదైనా అయితే సంఘం ఏం కావాలి?"

చీకటి పడేసరికి తెలుగు ఇళ్ళన్నిటికీ వార్త చేరింది. ఒక ఇంట్లో జాడీ వెలుగుతోందన్నారు, ఇంకో ఇంట్లో మూలుగుతోందన్నారు. పక్కింటి వైపు కిటికీలు మూసేసుకొమ్మని జ్ఞానప్రసూనకు నలుగురు సలహా ఇచ్చారు. ఆవిడ మాత్రం ఆ కిటికీలోంచే సీతాదేవి దగ్గర కరివేపాకు అడిగి తీసుకుంది.

ఆదివారం హాలు నిండింది, కానీ వెనకనుంచి నిండింది. ముందు మూడు వరసలూ ఖాళీ. పిల్లల్ని తలుపు దగ్గర కూర్చోబెట్టారు. సుబ్బరాజు పట్టు లాల్చీ మీద సీసపు ఏప్రాన్ తగిలించుకుని, ఆ బరువుకు ముందుకు వంగి, ఉగాది శుభాకాంక్షలు చెబుతున్నాడు. అంతలో వాసుదేవరావు కుటుంబం వచ్చింది. ముందు తడి ఆరని జుట్టుతో సీతాదేవి, వెనక తువాలులో చుట్టిన జాడీని పసిబిడ్డలా ఎత్తుకుని వాసుదేవరావు. జనం గోదారి చీలినట్టు రెండు వైపులకూ చీలిపోయారు. కొందరు కుర్చీలెక్కారు. ఒకాయన ఊపిరి కూడా బిగబట్టాడు.

సీతాదేవి కళ్ళు చెమర్చాయి. "చూశావురా నాయనా," అంది కొడుకుతో, "దేశం కాని దేశంలో కూడా మడి అంటే ఎంత గౌరవమో! మన ఊళ్ళో కూడా ఇంతలా తప్పుకోరు."

రామచంద్ర అప్పటికే వేదిక ఎక్కాడు. జాడీ బల్లమీద పెట్టడం చూసి అతడికి రాసుకున్న ఉపన్యాసం ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఎదురుగా కనిపించిందల్లా రేపటి పేపర్లో వాసుదేవరావు ఫోటో.

"సోదరీ సోదరులారా! మన మధ్య ఒకాయన మనకెవరికీ చెప్పకుండా, ఇళ్ళ మధ్య, పిల్లలు తిరిగే చోట, అణుశక్తి పుట్టిస్తున్నాడు! రాగితీగ నేను చూశాను! జాడీ వేడెక్కడం నేను విన్నాను! నీళ్ళచుక్క తగలకూడదని ఆ పెద్దావిడ అనలేదా? అడగండి!"

"అన్నాను," అంది సీతాదేవి. "తగిలితే బూజు పట్టదూ?"

 వాసుదేవరావు తెల్లబోయి తీగ విప్పాడు. వాసెన తొలిగింది. నిమ్మకాయ, మెంతిపిండి, ఇంగువ వాసన ముందు ఖాళీ వరసలు దాటి, కుర్చీలెక్కినవాళ్ళ దాకా వెళ్ళింది. గిరావీన్‌లో ఏ పెరడు చూసినా నిమ్మచెట్టే, కాయలు రాలి కుళ్ళిపోతుంటాయి. ఆ సంగతి పన్నెండేళ్ళుగా అక్కడే ఉంటున్న రామచంద్రకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

సీతాదేవి మడి సంగతి మరిచిపోయి, ఒక ముక్క తీసి రామచంద్ర అరచేతిలో పెట్టింది. "ఎండ చాలక ఊట సరిగ్గా తిరుగుతుందో లేదో అని దిగులుపడ్డాను నాయనా. ఉప్పు సరిపోయిందా, చూసి చెప్పు."

రామచంద్ర నోట్లో పెట్టుకున్నాడు. మూడు వందల కళ్ళు అతడి నోటివైపే చూస్తున్నాయి. మైకు ఎదురుగానే ఉంది. ఏదో ఒకటి అనాలి.

"అందుకే... నేను చెప్పేదేమిటంటే..." అని ముక్క మింగాడు. "జాడీలో సూర్యుడు లేడు. ఉన్నది ఊరగాయే."

ఆ నవ్వులకు సుబ్బరాజు ఏప్రాన్ పట్టీ తెగింది. ఆ రోజంతా రామచంద్ర పులిహోర విస్తరి దగ్గర ఒంటరిగా కూర్చున్నాడు. సంఘం వచ్చే నెల ఉపన్యాసం వాసుదేవరావుకు ఇచ్చింది. అతడు కూడా ఇక తన రోజు వచ్చిందనుకుని, బోర్డు మీద బొమ్మలు వేసి, అమెరికా జాడీ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజమని, రెండేళ్ళలో కరెంటు స్తంభాలు పీకేస్తారని గంటసేపు చెప్పాడు. రామచంద్ర వెనక వరసలో కూర్చుని, 'చిన్న కరెక్షన్' ఒక్కటైనా దొరకకపోతుందా అని వెతికి, దొరక్క, చప్పట్లకు ముందే లేచి ఇంటికి పోయాడు.

చలికాలం వచ్చేసరికి పేపర్ల మాట మారింది. ఎన్ని దేశాల్లో ఎంతమంది చేసి చూసినా ఆ జాడీలో అనుకున్న మంట పుట్టలేదట. కొలతల్లో పొరపాటయి ఉండవచ్చునట. ఆ వార్త చదివి సుబ్బరాజు మొట్టమొదట ఫోన్ చేసింది రామచంద్రకే.

"ఏం తెలివయ్యా నీది! ప్రపంచమంతా ఔనంటుంటే, ఉగాదినాడే మైకులో చెప్పావు కదా, సూర్యుడూ లేడు, గీర్యుడూ లేడు, వట్టి ఊరగాయ అని! మేమంతా వెర్రిమొహాలు వేసుకుని నవ్వాం!"

తర్వాతి సభలో రామచంద్రకు శాలువా కప్పారు. వాసుదేవరావు మొదటి వరసలో పళ్ళు బిగించుకుని చప్పట్లు కొట్టాడు. పక్కన కూర్చున్న అతడి భార్య శేషుకుమారి మొగుడి మోకాలి మీద చెయ్యి వేసి, లేవకుండా గట్టిగా అదిమి పట్టుకుంది.

అంత పెద్ద పెద్దవాళ్ళకు తెలియనిది మీరెలా కనిపెట్టారండీ అని అమృతం అడిగితే, రామచంద్ర శాలువా సర్దుకుని, "శాంపిల్ టెస్ట్ చేశానమ్మా" అన్నాడు.