ముగ్గురు ఓటర్ల ప్రజానాయకుడు

"దేశం పిలిచింది, నేను వస్తున్నాను" అని ఆష్‌లెవిక్ ఏడవ వైకౌంట్, అంటే తాతల నాటి బిరుదున్న దొర, పెరెగ్రిన్ టాలివర్ గారు ప్రకటించారు. వినడానికి స్థానిక పత్రిక విలేఖరి ఒక్కడే వచ్చాడు. నిజానికి దేశం ఎవరినీ పిలవలేదు. బ్రిటన్ పెద్దల సభలో ఒక ముసలి ప్రభువు కన్నుమూసి సీటు ఖాళీ అయింది, అంతే. ఆ సీటుకు నిలబడాలంటే ప్రభువుల ఇంట్లో పెద్దకొడుకుగా పుట్టి ఉండాలి. అలా పుట్టినవాళ్లు పదకొండు మంది పోటీకి దిగారు. ఓటర్లు మాత్రం ఆ సభలో ఇదివరకే ఉన్న ముగ్గురు వారసత్వ ప్రభువులు.

డెబ్బై ఐదు మాటల్లో తన అర్హతలు రాసివ్వాలని రూలు. పంతొమ్మిదేళ్లుగా దొరగారి ఉత్తరాలు రాస్తున్న సెక్రటరీ వినిఫ్రెడ్ పార్గిటర్ కాగితం ముందేసుకుని కూర్చుంది.

"మీరు సాధించినవి చెప్పండి దొరగారూ."

"తమ్ముడికంటే రెండేళ్లు ముందు పుట్టాను."

"రాశాను. ఇంకా డెబ్బై ఒక్క మాటలున్నాయి."

దొరగారు చాలాసేపు ఆలోచించి, "మిగతావి నువ్వే చూసుకో" అన్నారు.

వినిఫ్రెడ్ చూసుకుంది. ఊరికున్న ఒకే ఒక్క బస్సును ఎత్తేస్తారని వినికిడి. వారానికి మూడు రోజులు తల్లిని ఆ బస్సులోనే పట్నం తీసుకెళ్లి డయాలిసిస్ చేయించుకొస్తోంది ఆమె. కారు లేదు, ఉన్నా నడపడం రాదు. అందుకే "పల్లె బస్సుల కోసం ప్రాణం పెడతాను" అని రాసింది. దొరగారు చదువుకుని, "నేనింత మంచివాడినని నాకే తెలియదు" అంటూ సంతకం చేశారు.

ప్రచారం హోరాహోరీగా సాగింది. ఇద్దరు ఓటర్లకు దొరగారు నెమలికోడి మాంసంతో విందులిచ్చారు. మూడో ఆయనకు చెవుడు; ఎవరు పోటీలో ఉన్నారో వినబడక, పోయిన ప్రభువుకే మళ్లీ ఓటేశాడు. రెండు ఓట్లతో దొరగారు గెలిచారు.

"అరవై ఆరు శాతం. ప్రజాతీర్పంటే ఇదీ" అన్నారాయన వినమ్రంగా.

మూడేళ్లు ఆయన సభలో హాయిగా కునుకు తీశారు. నాలుగో ఏట పల్లె బస్సులను కాపాడే చట్ట సవరణ ఓటుకొచ్చింది. ఆ సభలో ఓటు కాళ్లతో వేస్తారు: ఔనంటే కుడి గుమ్మం, కాదంటే ఎడమ గుమ్మం. వినిఫ్రెడ్ సెలవు పెట్టి మరీ లండన్ వెళ్లింది.

"కుడి గుమ్మం దొరగారూ. మర్చిపోకండి."

"నాకు కుడి ఎడమలు నేర్పుతావా?"

గంట మోగింది. దొరగారు కుడి గుమ్మం దాకా ఠీవిగా నడిచారు. అక్కడ ఆగారు. వెనక్కి తిరిగి ఎడమ గుమ్మంలోకి వెళ్లిపోయారు. సవరణ ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది.

"అటెందుకు వెళ్లారు దొరగారూ?" బయట అడిగింది వినిఫ్రెడ్.

"కుడివైపు నా ముందు ఆ హిగిన్‌బాటమ్ ఉంది. మొన్న మొన్న బారనెస్ అయిన మనిషి, మాకంటే ఓ మెట్టు కింద. అంతకుముందు బస్సు తోలేదట. వైకౌంట్ అన్నవాడు ఆవిడ వెనక నడుస్తాడా? ఎడమవైపు ఒక ఎర్ల్ వెళ్తున్నాడు, మాకంటే మెట్టు పైన. మర్యాదగా ఆయన వెనక వెళ్లాను."

"బస్సు పోయింది దొరగారూ."

"ఎన్నింటికి మళ్లీ ఇంకోటి?"

వినిఫ్రెడ్‌కు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకుంది. రెండు నెలల్లో బస్సు ఆగింది. తల్లి కోసం ఆసుపత్రి పక్కన ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ ఉద్యోగమూ వదులుకోక తప్పలేదు.

ఒకరోజు దొరగారు ఫోన్ చేశారు.

"వినిఫ్రెడ్, ఉత్తరాలు గుట్టలు పడ్డాయి. రేపు వచ్చెయ్."

"రాలేను దొరగారూ. మన ఊరికి బస్సు లేదు."



"బస్సు లేదా? ఎంత అన్యాయం. ఇలాంటివి ఎవరో ఒకరు సభలో అడగాలి కదా."

"ఎవరడగాలి దొరగారూ?"

"నేను లేనూ? ఒక అర్జీ రాయి. పోస్టులో వెయ్యకు, ఈ గుట్టలో కలిసిపోతుంది. నువ్వే వచ్చి నా చేతికివ్వు."