పావుగంట పని

ఆ శనివారం పొద్దున బెర్గెన్‌లో వాన లేదు. అదే మంచి శకునమనుకున్నాడు స్వెర్రె. ముప్పయ్యేళ్లు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన స్వెర్రె, తానుండే నలభై వాటాల పాత భవనానికి తొమ్మిదేళ్లుగా అధ్యక్షుడు. ఏటా వసంతంలో వాటాదారులంతా కలిసి చేసే శ్రమదానం ఆ రోజే. పనయ్యాక వాఫుల్స్, కాఫీ, ఆపైన సమావేశం. ఈసారి సమావేశంలో తేలాల్సింది ఒక్కటే: ప్లంబరు తోరున్‌తో ఉన్న ఏడాది ఒప్పందాన్ని కొనసాగించాలా, రద్దు చేయాలా?

తోరున్ గంటకు పదమూడు వందల యాభై క్రోనర్లు తీసుకుంటుంది. "నా జన్మలో నేను చెప్పిన ఏ గంటా అంత ఖరీదు చేయలేదు" అని రాసి స్వెర్రె అందరి ఉత్తరాల పెట్టెల్లోనూ వేశాడు. అతని దగ్గర చదువుకున్నవాళ్లెవరూ ఆ మాటను కాదనరు. తోరున్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఆమె ఉండేది అదే భవనం మూడో అంతస్తులో. ఆ ఒప్పందాన్ని నమ్ముకునే జనవరిలో ఇద్దరు పనివాళ్లను పెట్టుకుంది. అది పోతే సోమవారం వాళ్లకు ఏం చెప్పాలో ఆమెకు తెలియదు.

సరిగ్గా పదింటికి స్వెర్రె మెడలో కాలేజీనాటి స్టాప్‌వాచీ వేలాడేసుకుని వచ్చి జాబితా చదివాడు.

"సెల్లారులో బట్టలుతికే గదిలో కారుతున్న వాల్వు మార్చడం: నేను, ఫ్రూదె. పావుగంట. వాఫుల్స్: సోల్‌ఫ్రిద్. ఆవరణలో దంతెతో ఆకులు తీయడం: తోరున్."

"ఆ వాల్వు నేనోసారి చూడనా?" అంది తోరున్.

"వద్దమ్మా. శ్రమదానంలో అందరూ సమానం. ఇవాళ ఇక్కడ ప్లంబరూ లేదు, లెక్చరరూ లేడు."

ఎనభై రెండేళ్ల సోల్‌ఫ్రిద్ పిండి గిన్నె చంకన పెట్టుకుని ఫ్రూదె వైపు చూసింది. అతను పళ్ల డాక్టరు. "అదేంటి అబ్బాయ్ స్వెర్రె, దంతె దంతవైద్యుడికివ్వాలి గానీ పానా ఇచ్చావేం?"

"గొట్టాలు, నీళ్లు, ఇరుకు సందులు! నాకిది రోజూ ఉండేదేనండీ" అన్నాడు ఫ్రూదె చొక్కా చేతులు మడుచుకుంటూ.

తోరున్ దంతె అందుకుంది.

సెల్లారులో స్వెర్రె స్టాప్‌వాచీ నొక్కాడు. గోడ మీది ఒక చక్రానికి "భవనం మొత్తానికీ నీళ్లు ఇక్కడ కట్టేయాలి" అని చీటీ వేలాడుతోంది. తొమ్మిదేళ్ల కిందట ఆ చీటీ తగిలించింది అతనే. తన దస్తూరీని అనుమానించే అలవాటు లేనివాడు కనుక, ఆ చక్రాన్ని బిగించి కట్టేశాడు. బయట ఆవరణలో చేతులు కడుక్కుంటున్న తోరున్ ముందు కుళాయి ఆగిపోయింది. ఆమె సెల్లారు కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"స్వెర్రె గారూ! మీరు కట్టింది తోట కుళాయి!"

"నువ్వివాళ ప్లంబరువి కావు!" అని లోపలినుంచి జవాబు వచ్చింది.

మరుక్షణం ఫ్రూదె పానా తిప్పాడు. వాల్వు సగానికి విరిగి ఊడింది. నీళ్లు నేరుగా సెల్లారు కప్పును తాకాయి.

"కంగారు పడకండి, రక్తం కారినట్టే ఇదీ! నొక్కిపట్టుకుంటే ఆగుతుంది" అంటూ ఫ్రూదె అరచేయి అడ్డం పెట్టాడు. నీళ్లు అతని వేళ్ల సందుల్లోంచి అయిదు పాయలుగా చీలాయి. అందులో ఒకటి స్వెర్రె కళ్లద్దాలను ఎత్తుకుపోయింది. చూపు సరిగా ఆనని స్వెర్రె చేతికందిన మరో చక్రం కట్టాడు. దాంతో భవనమంతా వేన్నీళ్లు ఆగిపోయాయి. నాలుగో అంతస్తు మనిషి ఒకడు తల నిండా షాంపూ నురగతో, నడుముకు తువ్వాలుతో దిగివచ్చాడు.

"నీళ్లేవి?" అని అరిచాడతను.

"అన్నీ ఇక్కడే ఉన్నాయి నాయనా, స్నానం ఇక్కడే కానిచ్చేయ్" అంది పక్కగదిలో వాఫుల్స్ కాలుస్తున్న సోల్‌ఫ్రిద్.

శ్రమదానం రోజున చేతులు కట్టుకుని నిలబడడం ఎవరికైనా నామోషీ. అందుకని తలా ఒక బకెట్ పట్టుకుని దిగారు. దిగినవాళ్లందరూ కనబడిన చక్రమల్లా తిప్పారు. ఒకరు కట్టింది ఇంకొకరు విప్పారు. ఇంతలో నీళ్లు ఆమె మూడు వాఫుల్ పెనాలకు కరెంటిచ్చే తీగను చేరాయి. టప్పుమని ఫ్యూజు పోయి సెల్లారు చీకటైంది.

"అయ్యో, నా వాఫుల్ సగం పచ్చిగానే ఉంది!" అని చీకట్లో సోల్‌ఫ్రిద్ గొంతు వినబడింది.

స్వెర్రె తడిసి ముద్దయి మెట్లెక్కి వచ్చాడు. తోరున్ అప్పటికే చేతి తొడుగులు విప్పేసి ఎదురొస్తోంది.

"తోరున్, నీకు పుణ్యముంటుంది! గంటకు పదమూడు వందల యాభై ఇస్తాం, పద!"

"శ్రమదానంలో డబ్బు తీసుకుంటే ఈ ఊళ్లో తలెత్తుకోగలనా?" అంది తోరున్, ఆగకుండా నడుస్తూనే. "జాబితా దిద్దండి చాలు."

స్వెర్రె నానిన కాగితం మోకాలి మీద పెట్టి రాశాడు: గొట్టాలు, తోరున్. ఆకులు, స్వెర్రె. ఆమె దంతె అతని చేతికిచ్చి లోపలికి వెళ్లింది.

తోరున్ టార్చి వేసుకుని, చీటీ ఉన్న చక్రాన్నీ చీటీ లేని చక్రాలనూ దాటి, సెల్లారు చివర సోల్‌ఫ్రిద్‌కున్న సామాన్ల గదిలోకి దూరింది. పదకొండు జామ్ సీసాలు కిందికి దించి, వెనకున్న చెక్క జరిపి, భుజం దాకా చేయి పెట్టి అసలు చక్రాన్ని తిప్పింది. హోరు ఆగిపోయింది. నిశ్శబ్దంలో వాఫుల్ పిండిలోని యాలకుల వాసన ఒక్కటే మిగిలింది.

"అది అక్కడుందని నీకెలా తెలుసు?" అన్నాడు ఫ్రూదె.

"పని నేర్చుకునే రోజుల్లో ఈ సందులో రెండు వారాలు పాకాను. అప్పుడీ జామ్ లేదు."

కొండవాలు మీది భవనం కనుక, సెల్లారు నీళ్లు పల్లపు వైపు తలుపులోంచి ఆవరణలోకి పారి, మురుగు జాలీలోంచి బుడబుడమంటూ వెళ్లిపోయాయి. తోరున్ పొద్దున ఆకులు తీసింది ఆ జాలీ చుట్టూనే.

విరిగి లోపల ఇరుక్కున్న ముక్కను పైకి లాగడానికే గంట పట్టింది. బకెట్లు పట్టుకొచ్చినవాళ్లు టార్చీలు పట్టుకుని నిలబడిపోయారు. కొత్త వాల్వు బిగించాక కూడా ఆమె లేవలేదు. ప్రతి అతుకు చుట్టూ పొడి కాగితం తిప్పి చూస్తోంది.

"ఇంకా ఏం చూస్తావు? కారడం లేదుగా?" అన్నాడు ఫ్రూదె.

"రేపు నడిజాములో కారితే ఎవరి తలుపు కొడతారు?"

"నీ తలుపే."

"నా గంట రేటులో ఆ నడిజాము కూడా ఉంది."

"ఔను మరి!" అంది సోల్‌ఫ్రిద్. "క్రిస్మస్ ముందురోజు నా సింకు కింద పడుకున్నది ఈ పిల్లే. నువ్వు నా పన్ను పీకి, వాచిందని ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నావు."

ఫ్రూదె టార్చి ఇంకాస్త దగ్గరగా పట్టాడు.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా, ఫ్యూజు మార్చి కాల్చిన వాఫుల్స్ చుట్టూ అందరూ చేరారు. దంతె లాగీ లాగీ స్వెర్రె అరచేతుల నిండా బొబ్బలు. సోల్‌ఫ్రిద్ అతని మెడలోని స్టాప్‌వాచీ పట్టుకుని చూసింది. అదింకా తిరుగుతూనే ఉంది. నొక్కి ఆపింది.

"మూడు గంటల యాభై రెండు నిమిషాలు! అబ్బాయ్ స్వెర్రె, నీ పావుగంట భలే సాగిందే!"

గదంతా గొల్లుమంది. చివరికి స్వెర్రె కూడా నవ్వేశాడు.

"ఒప్పందం రద్దు చేయాలన్నవాళ్లు?" అని అడిగాడు. ఒక్క చేయీ లేవలేదు. "కొనసాగించాలన్నవాళ్లు?" అన్ని చేతులూ లేచాయి. ఇప్పుడు చొక్కా తొడుక్కుని ఉన్న తువ్వాలు మనిషైతే రెండు చేతులూ ఎత్తాడు. అందరికంటే ఎత్తుగా లేచింది బొబ్బల చేయి. తోరున్ కిటికీ దగ్గరికి వెళ్లి తన పనివాళ్లిద్దరికీ ఫోన్ చేసింది: "సోమవారం పొద్దున ఏడింటికి వచ్చేయండి. ఆలస్యమైతే ఊరుకోను." ఫోన్ పెట్టేసి, ఆ ఊపుతోనే వచ్చి మూడో వాఫుల్ అందుకుంది.

సమావేశపు నివేదిక స్వెర్రె తన గుండ్రటి దస్తూరీతో రాశాడు. ప్లంబరు రేటుపై ఎవరికీ అభ్యంతరం లేదు. కింద 'ఇతర విషయాలు' అన్నచోట ఒకే వాక్యం ఉంది: వచ్చే ఏడాది నుంచి ఆకులు తీయడానికి, గంటకు ఎంతైనా సరే, పని తెలిసిన మనిషిని పెట్టాలని అధ్యక్షుడు కోరారు.