నల్లంచు కవరు

పొద్దున్నే తమ్ముడికి ఉత్తరం రాసి పడేసి, మధ్యాహ్నం గుమ్మడికాయ తరుక్కోవాలని డోర్కస్ అనుకుంది. ఉత్తరంలో కొత్త సంగతేమీ లేదు. "థాంక్స్‌గివింగ్ పండక్కి ఈసారైనా రండి. ఒక్కదాన్నే కూర్చుని తినలేకపోతున్నాను." మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఏటా ఇదే రాస్తోంది. ఏటా ఈనస్ దగ్గర్నుంచి ఒకటే జవాబు. దారంతా బురద, ఆవులు ఈనుతున్నాయి, పిల్లలకు దగ్గు.

తీరా రాశాక చూస్తే తెల్ల కవర్లు అయిపోయాయి. ఉన్నవల్లా చావు కబుర్లకి వాడే నల్లంచువి. మొగుడు పోయినప్పుడు అందరిలాగే తనూ ఒక పెట్టెడు కొన్నది. మైలరోజులు తీరాయి గానీ కవర్లు తీరలేదు. వెర్మాంట్ కొండల్లో పుట్టిన ఆడది మంచి కాగితం పొయ్యిలో పెడుతుందా! "అంచుదేముంది, లోపల చదువుకుంటాడులే" అని అందులోనే పెట్టి అంటించేసింది.

నదికి దిగువన ఈనస్ వాళ్ళ ఊళ్ళో ఉత్తరాలు ఇంటికి తెచ్చిచ్చేవాళ్ళు లేరు. ఎవరిది వాళ్ళే వెళ్ళి తెచ్చుకోవాలి. నల్లంచు చూడగానే పోస్టుమాస్టరు టోపీ తీశాడు. పోస్టాఫీసు ఉన్న కొట్లోకే మేకులు కొనడానికి వచ్చిన ఆసాని పిలిచి, "మీ పక్కింటి ఈనస్‌తో చెప్పవయ్యా. ఎగువనుంచి నల్లంచు వచ్చింది. వాళ్ళక్క ఉండే ఊరే, పాపం" అన్నాడు.

ఆసా నోట్లో నువ్వుగింజ నానదు. దారిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. సాయంత్రానికి జ్వరం అన్నారు. చర్చికి చేరేసరికి అది నిమోనియా అయింది. మర్నాటికి డోర్కస్ చివరి మాటలు కూడా తయారయ్యాయి.

ఈనస్ కవరైతే తెచ్చుకున్నాడు గానీ విప్పడానికి చేతులాడలేదు. "నువ్వు చదవవే" అన్నాడు పెళ్ళాంతో.

"బాబోయ్, నావల్ల కాదు" అని లవీనియా దాన్ని చేతిసంచిలో కుక్కేసింది. కవరు మీద చేతిరాత ఎవరిదని ఆలోచించే స్థితిలో ఇద్దరూ లేరు. చచ్చిపోయిన మనిషి తన చావు కబురు తనే రాసుకుందా అని అడిగిన పుణ్యాత్ముడు ఊరు మొత్తంలో లేడు.

ఇక్కడ డోర్కస్ జవాబు కోసం చూసి చూసి విసిగిపోయింది. ఇదివరకు కుంటిసాకైనా రాసేవాడు, ఇప్పుడు అదీ లేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. కాసేపు ఏడిచి, పండగ ముందురోజు గుడ్లు తేవడానికి కోళ్ళ కొట్టంలోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ముందుగదిలో నల్లబట్టల మనుషులు. ఈనస్ కుర్చీలో కూలబడి వెక్కుతున్నాడు. లవీనియా మంచం మీది బొంత మడతపెడుతూ, "ఇది నాకే ఇస్తానని వదిన ఎప్పుడో అంది లెండి" అంటోంది.

డోర్కస్ గుడ్లు అక్కడే కింద పెట్టేసింది. "అయ్యో అయ్యో! ఎవరు పోయార్రా?"

"నువ్వేనే అక్కా!" అని బావురుమన్నాడు ఈనస్. తలెత్తి చూసేసరికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. లవీనియా బొంతని మెల్లిగా మళ్ళీ పరిచేసింది.

సంచిలోంచి ఉత్తరం బయటికొచ్చింది. డోర్కసే విప్పి పైకి చదివింది. 'ఒక్కదాన్నే' అన్న దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేసింది. ఈనస్ లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. తమ్ముడి జుట్టు ఎప్పుడు నెరిసిందో ఆవిడకి తెలియలేదు.

"పోనీలేరా, ఎలాగోలా వచ్చారు. నాకంతే చాలు!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "కోడిని కోస్తాను. రేపు పండగ అందరం ఇక్కడే."

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు.

"అది కాదు వదినా" అంది లవీనియా, "మేం లేని మూడు రోజులూ మా ఆవుల పాలు పిండి పెడతానన్నాడు ఆసా. అది చావింటికి వెళ్తున్నామని ఒప్పుకున్నాడు. నువ్వు నిక్షేపంలా ఉండగా వాడిచేత చాకిరీ ఎలా చేయించుకుంటాం?"

"నిజమేనే అక్కా" అన్నాడు ఈనస్ తల దించుకుని. "ఊళ్ళో మాటొస్తుంది."

చచ్చిపోయిన అక్క కోసం మూడు రోజులుందామని వచ్చిన తమ్ముడు, బతికున్న అక్క దగ్గర టీ తాగి లేచాడు.