నడకకు నూటికి నూరు

దేవుడు మనిషికి కాళ్ళెందుకిచ్చాడన్న సందేహం టైలరుగారిని ఎనిమిదేళ్ళుగా పీడిస్తోంది. భక్తిపరులు కనుక దేవుణ్ణి తప్పుపట్టరు. కానీ వీధి వెడల్పు చేసిన నాటినుంచి, ఆ కాళ్ళతో ఎదురింటి అక్కయ్య దగ్గరికి వెళ్ళలేకపోయారు. రెండుసార్లు బయల్దేరి, ప్రాణాలు అరచేత పట్టుకుని సగంలోంచే వెనక్కొచ్చారు. బళ్ళు ఆగితేగా! అంతకుముందు ఆయన జ్వరంతో పడుకుంటే అక్కయ్య వచ్చి మూడు రోజులు మంచం పక్కనే కూర్చుంది. తిరిగి వెళ్ళి ఒక్క పూటైనా ఆమె దగ్గర కూర్చోవడం బాకీ పడిపోయింది. ఇప్పుడు ఇద్దరూ మేడల మీంచి చేతులూపుకుంటారు.

ఇలా ఉండగా, వీధులు నడకకు ఎంత భద్రమో తేల్చే సంఘం విచ్చేసింది. కారులోనే విచ్చేసింది, సభ్యులవీ ప్రాణాలే కదా. అద్దాలు దించకుండా గంటసేపు నిశితంగా పరిశీలించారు. కాలిబాట మీద ఒక ట్రాన్స్‌ఫార్మరు, మూడు స్కూటర్లు, ఒక పళ్ళబండి ఎంతో క్రమశిక్షణతో నిలబడి ఉన్నాయి. ఆ గంటలో నడుస్తూ దెబ్బతిన్నవారు సున్నా. నడిచినవారూ సున్నాయే గాని, ఫారంలో ఆ గడి లేదు. వీధికి నూటికి నూరు పడ్డాయి.

అవార్డు సభకు కాలిబాటలో మిగిలిన కాస్త జాగాలో, సరిగ్గా టైలరుగారి కొట్టు ముందు, వేదిక వేశారు.

“ఎనిమిదేళ్ళుగా ఇక్కడ ఒక్క పాదచారికీ గోరంత గాయం కాలేదు! ఈ ఘనత మీ వాహనాలది!” అన్నారు అధ్యక్షులవారు.

టైలరుగారు చెయ్యెత్తారు. “అయ్యా, మరి కాళ్ళెందుకండీ?”

“ఒకటి క్లచ్చుకి, ఒకటి బ్రేకుకి. ఆ మాత్రం తెలీదా?”

చప్పట్లు మారుమోగాయి.

తీరా ఫొటోకు ఒక పాదచారి కావలసి వచ్చాడు. ఎంత వెతికినా దొరకలేదు. నోరు విప్పిన పాపానికి టైలరుగారినే పట్టుకున్నారు. పోలీసులు రెండువైపులా బళ్ళు ఆపారు. ఆయన దైవాన్ని తలచుకుని అడుగేశారు.

“బాబాయ్, మధ్యలో ఆగి ఓసారి నవ్వండి!” అని అరిచాడు ఫొటోగ్రాఫరు.

బాబాయి ఆగలేదు. నవ్వనూ లేదు. తిన్నగా వెళ్ళి అక్కయ్య గడప ఎక్కేశారు.

“ఎలా వచ్చావురా?”

“నడిచొచ్చానక్కా.”

“చాల్లే, ఈ వయసులో అబద్ధాలొకటి! ఎంతసేపుంటావు?”

“మళ్ళీ అవార్డొచ్చేదాకా.”

అక్కయ్య జరిగి చోటిచ్చింది. టైలరుగారు ఆమె పక్కన కూర్చుని, ఎనిమిదేళ్ళ బాకీ తీర్చడం మొదలుపెట్టారు. మాట ఒక్కటీ వినబడలేదు. ఒక మనిషి దాటడానికి రెండు నిమిషాలు ఆగవలసి వచ్చినందుకు, బయట మనమంతా హారన్లు మోగిస్తూనే ఉన్నాం.